పాత ఇంజన్‌లో పోయిన బలం ఎక్కడుంది?

వనపర్తి జిల్లా వీపనగండ్ల నుంచి పెబ్బేరుకో కొల్లాపూర్‌కో వెళ్లే దారిలో రెండు తలుపుల స్పోర్ట్స్ కారు ఎదురుపడడం అరుదు. పాత మారుతి జెన్ మాత్రం ఎదురుపడుతుంది. 1993లో మార్కెట్లోకి వచ్చి 2006 దాకా అమ్ముడైన ఈ చిన్న బండి ఇప్పుడు రెండో చేతికి, మూడో చేతికి మారుతోంది. కొనే కుర్రవాళ్లలో చాలామందికి ఒకటే కోరిక: ఇంజన్ మెత్తగా తిరగాలి, రేసు ఇస్తే బండి గుంజాలి. షెడ్డుకు తీసుకెళ్తే వినిపించే సలహాలు కూడా దాదాపు ఒకటే. సైలెన్సర్ మార్చు, ఎయిర్ ఫిల్టర్ తీసెయ్, ఐడ్లింగ్ పెంచు, కాదంటే ఇంజన్ దించి బోరు చేయించు.

వీటన్నింటికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఆ ఇంజన్ కొత్తలో ఇచ్చిన బలంలో ఎంత పోయిందో, ఎక్కడ పోయిందో కొలవాలి. ఇరవై ఏళ్ల ఇంజన్‌కు కొత్త బలం ఎక్కించడం ఖర్చుతో కూడిన పని. పోయిన బలాన్ని రాబట్టడం చాలాసార్లు ప్లగ్గులు, పైపులు, స్క్రూల సర్దుబాటుతోనే అయిపోతుంది. మెత్తదనం, బలం వేర్వేరు సంగతులని మనం అనుకుంటాం గానీ, పాత బండిలో ఆ రెండూ కలిసే పోతాయి, కలిసే తిరిగొస్తాయి. దాని వెనకున్న శాస్త్రం తెలిస్తే జేబు మీద భారం తగ్గుతుంది, ఇంజన్ ఆయుష్షు పెరుగుతుంది.

తేలిక బండి లెక్క వేరు

జెన్‌ను తేలికపాటి స్పోర్ట్స్ కారుకు దగ్గరి చుట్టంగా చెప్పుకోవడం అతిశయోక్తి కాదు. 993 సీసీ, నాలుగు సిలిండర్ల అల్యూమినియం ఇంజన్, మొదటి మోడళ్లలో 50 హార్స్‌పవర్, బరువు సుమారు 750 కిలోలు. ఇంగ్లాండులో కాలిన్ చాప్‌మన్ 1957లో తెచ్చిన లోటస్ సెవెన్ నడిచింది ఈ సూత్రం మీదే. పెద్ద ఇంజన్ పెట్టే బదులు బరువు తగ్గించు, చిన్న ఇంజనే చాలు. 1989లో జపాన్ కంపెనీ మాజ్దా తెచ్చిన ఎమ్ఎక్స్-5 కూడా 1.6 లీటర్ల మామూలు ఇంజన్‌తో, టన్ను లోపు బరువుతో అదే సూత్రాన్ని ప్రపంచమంతటా అమ్మింది. 2016 నాటికి అలాంటివి పది లక్షలు తయారయ్యాయి.

బండి ఎంత చురుగ్గా అందుకుంటుందో తేల్చేది హార్స్‌పవర్ ఒక్కటే కాదు, ఒక్కో హార్స్‌పవర్ ఎన్ని కిలోలు మోయాలన్నది. జెన్‌లో 65 కిలోల మనిషి ఒక్కడే కూర్చుంటే మొత్తం 815 కిలోలు, అంటే హార్స్‌పవర్‌కు 16 కిలోల చిల్లర. నలుగురు ఎక్కితే 1,010 కిలోలు, హార్స్‌పవర్‌కు 20 కిలోలు దాటిపోతుంది. ఎక్కిన ముగ్గురూ దిగగానే బండి రెక్కలొచ్చినట్టు పోవడానికి కారణం ఇదే.

దీన్నే తిరగేసి చూడండి. డిక్కీలో బాస్ బాక్సు, ముందు ఇనుప గార్డు, వెనక ఇంకో గార్డు, ఎప్పుడో పెట్టి మరిచిన సామాను అన్నీ కలిపి 50 కిలోలు ఉన్నాయనుకుందాం. అవి తీసేస్తే, ఒక్కడే నడిపేటప్పుడు వచ్చే మార్పు 3 హార్స్‌పవర్ పెంచినదానితో సమానం. ఇంజన్ లోపల చేయి పెట్టి అంత సాధించాలంటే వేలల్లో ఖర్చవుతుంది. పైగా ఇనుప గార్డులకు చట్టం అనుమతి కూడా లేదు. ఢీకొన్నప్పుడు దెబ్బను బాడీలోకి నేరుగా పంపే ప్రమాదం వాటితో ఉంది.

తేలిక బండికి ఒక ఇబ్బందీ ఉంది. 150 హార్స్‌పవర్ కారులో 5 పోతే నడిపేవాడికి తెలియదు. 50లో 5 పోతే పదో వంతు పోయినట్టు. అందుకే చిన్న ఇంజన్లో చిన్న లోపం కూడా వెంటనే పెడల్ కింద తెలుస్తుంది.

వణుకు రెండు రకాలు

ఫోర్ స్ట్రోక్ ఇంజన్లో ఒక్కో సిలిండర్ రెండు చుట్లకు ఒకసారి మండుతుంది. నాలుగు సిలిండర్లుంటే ప్రతి 180 డిగ్రీలకు ఒకటి, మారుతి 800లో ఉన్నట్టు మూడుంటే ప్రతి 240 డిగ్రీలకు ఒకటి మండుతుంది. ఐడ్లింగ్‌లో ఇంజన్ నిమిషానికి 800 చుట్లు తిరుగుతుంటే జెన్‌లో సెకనుకు దాదాపు 27 దెబ్బలు, మారుతి 800లో 20 దెబ్బలు పడతాయి. ఈ దెబ్బల మధ్య ఎడం పెరిగేకొద్దీ వణుకు ఎక్కువ. మూడు సిలిండర్ల ఇంజన్‌కు ఇంకో లక్షణం ఉంది. పిస్టన్ల కదలికలు పైకీ కిందికీ ఒకదాన్నొకటి సరిచేసుకున్నా, ఇంజన్ ఆ చివర నుంచి ఈ చివరకు ఊగే గుణం మిగిలిపోతుంది. నాలుగు సిలిండర్లలో ఆ ఊపు ఉండదు గానీ, తిరిగే వేగానికి రెట్టింపు వేగంతో ఒక సన్నటి అదురు ఉంటుంది. ఇదంతా పుట్టుకతో వచ్చిన వణుకు. ఎంత ట్యూనింగ్ చేసినా ఇది పోదు, పోవాల్సిన పనీ లేదు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన విద్యుత్ కార్ల పోటీ ఫార్ములా-ఈలో పరుగెత్తిన కార్లు ఇలా వణకకపోవడానికి కారణం, విద్యుత్ మోటారులో ఇలా ఒక్కో దెబ్బగా బలం పుట్టకపోవడమే.

రెండోది జబ్బుతో వచ్చిన వణుకు. నాలుగింటిలో ఒక సిలిండర్ సరిగా మండకపోతే, రెండు చుట్లకు ఒకసారి ఒక దెబ్బ తగ్గుతుంది. 800 చుట్ల దగ్గర అది నిమిషానికి 400 సార్లు, అంటే సెకనుకు దాదాపు ఏడు సార్లు. మన శరీరం నిలువు కంపనాలను బాగా పట్టుకునేది సెకనుకు 4 నుంచి 8 సార్ల మధ్యలోనే. అందుకే మిస్ కొట్టే ఇంజన్ సీట్లోంచి, స్టీరింగ్‌లోంచి మనల్ని అంత విసిగిస్తుంది. ఇంజన్ మౌంటింగుల రబ్బరు వేగంగా వచ్చే అదురును బాగా ఆపుతుంది, ఇలా నిదానంగా వచ్చే ఊపును ఆపలేదు. రబ్బరు గట్టిపడిపోయినా, పగిలినా అసలే ఆపలేదు.

పెబ్బేరు పశువుల సంతలో ఎడ్ల జతను చూసి కొనే రైతుకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. జతలో ఒకటి వెనకబడితే కాడి వంకరపోతుంది, బలమైన ఎద్దు బలం కూడా వృథా అవుతుంది. ఇంజన్లో బలహీనమైన సిలిండర్ తన వంతు పని చేయకపోగా, ఆ పిస్టన్‌ను ఆడించే భారం మిగతా మూడింటి మీద పెడుతుంది. మెత్తదనం పోయిన చోటే బలం పోయిందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

వెనకబడ్డ సిలిండర్‌ను పట్టుకోవడం

వనపర్తి రాజాగారి ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ నడుస్తున్న ప్రాంతం మనది. డిప్లొమాలో మెకానికల్ చదివిన పిల్లలకు మోర్స్ టెస్ట్ గుర్తుండే ఉంటుంది. నడుస్తున్న ఇంజన్లో ఒక్కో సిలిండర్‌ను ఆపుతూ, బలం ఎంత తగ్గిందో కొలిస్తే ఆ సిలిండర్ వాటా తెలుస్తుంది. రోడ్డు పక్క షెడ్డులో మేస్త్రీ ఒక్కో ప్లగ్గు వైరు తీసి చూసేది కూడా ఇదే. వైరు తీసినప్పుడు ఇంజన్ కుంగితే ఆ సిలిండర్ పని చేస్తున్నట్టు. తీసినా శబ్దంలో తేడా రాకపోతే దొంగ అదే. కార్బొరేటర్‌కు బదులు ఇంజెక్టర్లుండే ఎంపీఎఫ్ఐ బండ్లలో మాత్రం ప్లగ్గు వైరు పీకకూడదు. కాయిల్ పాడవుతుంది, మండని పెట్రోలు సైలెన్సర్‌లోని కెటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని కాల్చేస్తుంది. వాటిలో ఇంజెక్టర్ కనెక్టర్ తీసి ఇదే పరీక్ష చేయాలి.

దొంగ దొరికాక, ఎందుకు పని చేయడం లేదో తేల్చేది కంప్రెషన్ గేజి. ఇంజన్ వేడిగా ఉండాలి, బ్యాటరీ నిండుగా ఉండాలి. ప్లగ్గులన్నీ తీసి, పెట్రోలు, కరెంటు సరఫరా ఆపి, ఒక ప్లగ్గు రంధ్రంలో గేజి బిగించి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి, సెల్ఫ్ కొట్టాలి. ముల్లు ఒక్కో దెబ్బకూ పైకి లేచి ఒకచోట ఆగుతుంది. యాక్సిలరేటర్ తొక్కడం మరిచిపోతే గాలి లోపలికి రాక, మంచి ఇంజన్ కూడా చెడ్డదిలా కనిపిస్తుంది. ఈ తరహా చిన్న పెట్రోల్ ఇంజన్లు ఆరోగ్యంగా ఉన్నప్పుడు సాధారణంగా 170 నుంచి 200 పీఎస్ఐ మధ్య చూపిస్తాయి.

ఇక్కడ అన్ని సిలిండర్ల మధ్య ఉన్న తేడాయే కీలకం. నాలుగూ 165 దగ్గరే ఉన్న ఇంజన్, మూడు 185 చూపించి ఒకటి 130 చూపించే ఇంజన్ కంటే మెత్తగా నడుస్తుంది. తేడా 15 పీఎస్ఐ దాటితే వెతకాల్సిందే. తక్కువ చూపిన సిలిండర్లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. ముల్లు బాగా పెరిగితే ఆయిల్ రింగుల సందు మూసిందన్నమాట, అరిగినవి రింగులో బోరో. పెరగకపోతే గాలి పైనుంచి పోతోంది, అంటే వాల్వులు. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లు రెండూ తక్కువైతే వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం పడాలి. పావుగంట పనితో ఇంజన్ దించాలా, హెడ్ దించితే చాలా, అసలు ఏదీ దించొద్దా అన్నది తేలిపోతుంది. ఈ కొలత లేకుండా “బోరుకొచ్చింది” అన్న మాట నమ్మి ఇంజన్ విప్పించుకోవడం ఎవరికీ మంచిది కాదు.

విప్పకముందు ట్యాపెట్లు కూడా చూడాలి. మారుతి 800 లాంటి పాత ఇంజన్లలో వాల్వుకు, దాన్ని నొక్కే చేతికి మధ్య, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, మిల్లీమీటరులో దాదాపు ఏడో వంతు సందు ఉండాలి. సందు పెరిగితే టకటక శబ్దం వస్తుంది, అందరికీ వినబడుతుంది. సందు తగ్గిపోతే శబ్దమే ఉండదు, ప్రమాదం మాత్రం అక్కడే. వాల్వు పూర్తిగా కూర్చోదు, మంట అంచుల్లోంచి తోసుకుపోతుంది, ఎగ్జాస్ట్ వాల్వు కాలిపోతుంది. ఒకప్పుడు ఎల్పీజీ కిట్ మీద తిరిగిన బండి అయితే ఈ సందు తప్పకుండా కొలవాలి. గ్యాసు మీద నడిచిన పాత ఇంజన్లలో వాల్వు కూర్చునే సీటు అరిగి, వాల్వు లోపలికి దిగి, సందు మూసుకుపోవడం మామూలే. ఫీలర్ గేజి రేకు సందులో కాస్త పట్టుతో జారితే సర్దుబాటు సరిగా ఉన్నట్టు.

గాలి, పెట్రోలు, నిప్పు

కంప్రెషన్ నాలుగింటిలోనూ సమానంగా ఉంటే ఇంజన్ గుండె బాగున్నట్టే. ఇక మిగిలింది గాలి, పెట్రోలు, నిప్పు.

తీసిన ప్లగ్గులను ఏ సిలిండర్‌దో గుర్తు తప్పకుండా వరుసగా పేర్చి చూడండి. పింగాణీ ముక్కు లేత గోధుమ రంగులో ఉంటే మంట సరిగా ఉంది. పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది. నలుపుతో పాటు తడి జిడ్డు ఉంటే ఆయిల్ పైకి వస్తోంది. తెల్లగా, పొక్కులతో ఉంటే గాలి ఎక్కువై మంట మితిమీరి వేడెక్కుతోంది. నాలుగూ ఒకే రంగులో ఉంటే లోపం అందరికీ ఉమ్మడిగా ఉన్న కార్బొరేటర్‌లోనో టైమింగ్‌లోనో ఉంది. ఒక్కటే వేరుగా ఉంటే లోపం ఆ సిలిండర్‌దే.

పాత బండ్లకు ఆరు నెలలకోసారి చేయించే కాలుష్య పరీక్ష కాగితం కూడా ఇలాగే మాట్లాడుతుంది. చాలామంది దాన్ని మడిచి డ్యాష్‌బోర్డులో పడేస్తారు. కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ చూపిస్తే పెట్రోలు ఎక్కువవుతోందని. అది తక్కువగానే ఉండి హైడ్రోకార్బన్లు మాత్రం ఎక్కువైతే, పెట్రోలు మండకుండానే బయటికి పోతోందని, అంటే ఎక్కడో మిస్ కొడుతోందని.

ఐడ్లింగ్‌లో కొట్టుకుంటూ, రేసు ఇవ్వగానే సర్దుకునే ఇంజన్‌కు చాలాసార్లు ఉండే జబ్బు ఎయిర్ లీక్. ఐడ్లింగ్‌లో థ్రాటిల్ దాదాపు మూసి ఉంటుంది, లోపలికి పోయే గాలే కొద్ది. బ్రేక్ బూస్టర్‌కు పోయే రబ్బరు పైపు పగిలి గానీ, మానిఫోల్డ్ గ్యాస్కెట్ వదులై గానీ దొడ్డిదారిన గాలి వస్తే ఆ కొద్దిలో అది పెద్ద వాటా అవుతుంది, మిశ్రమం పలచబడుతుంది. రేసు పెంచితే అసలు గాలి ఎక్కువవుతుంది గనుక దొంగగాలి లెక్కలోకి రాదు. ఇలాంటి బండికి ఐడ్లింగ్ స్క్రూ తిప్పి వేగం పెంచడం జ్వరం చూడకుండా దుప్పటి కప్పడమే. చిన్న పైపు ముక్క చేసే పని స్క్రూ చేయదు.

నిప్పు సంగతికొస్తే, సిలిండర్లో పెట్రోలు ఆవిరి ఒక్కసారిగా పేలిపోదు, మంట పాకుతుంది. సిలిండర్ నిండా పాకడానికి సుమారు 2 మిల్లీసెకన్లు పడుతుందనుకుంటే, 3,000 చుట్ల వేగంలో ఆలోపు క్రాంకు 36 డిగ్రీలు తిరిగేస్తుంది. అందుకే పిస్టన్ పైకి చేరకముందే ప్లగ్గు వెలగాలి. వేగం పెరిగేకొద్దీ ఇంకా ముందు వెలగాలి. పాత బండ్లలో ఈ పని చేసేవి డిస్ట్రిబ్యూటర్ లోపలి చిన్న బరువులు, స్ప్రింగులు, పక్కనున్న వ్యాక్యూమ్ డబ్బా. బరువులు తుప్పుతో బిగిసినా, డబ్బాలోని పొర చిరిగినా ఐడ్లింగ్‌లో టైమింగ్ సరిగానే కనిపిస్తుంది, హైవే ఎక్కాక మాత్రం బండి గుంజదు. టైమింగ్ లైటు పెట్టి, రేసు ఇస్తూ గుర్తు కదులుతోందో లేదో చూడాలి. కదలకపోతే పోయిన బలం అక్కడ దొరికినట్టే.

మన ఎండ, మన దుమ్ము

శ్రీశైలం జలాశయం నిండు మట్టం 885 అడుగులు, దాదాపు 270 మీటర్లు. ఆ నీటికి దగ్గర్లో ఉన్న మన వీపనగండ్ల మండలం ఊళ్లు అంతకంటే ఎత్తులోనే ఉన్నాయి. ప్రతి వంద మీటర్లకు గాలి ఒత్తిడి ఒక శాతం పైచిలుకు తగ్గుతుంది గనుక, సముద్రపు ఒడ్డున ఉన్న బండి కంటే ఇక్కడి బండికి గాలి మూడు శాతం తక్కువే అందుతుంది. దానికి ఎండ తోడవుతుంది. 25 డిగ్రీల గాలితో పోలిస్తే 43 డిగ్రీల గాలి ఆరు శాతం పలచన. బానెట్ లోపల 60 డిగ్రీలకు కాగిన గాలినే ఇంజన్ పీల్చుకుంటే పది శాతం పైగా పలచన. ఎయిర్ ఫిల్టర్ డబ్బా ముక్కు ముందు గ్రిల్ వైపు చల్లటి గాలి అందుకునేలా కంపెనీ పెట్టిన పైపు పాత బండ్లలో చాలాసార్లు ఊడిపోయి ఉంటుంది. ఆ పైపును తిరిగి పెట్టించడం ఏ ఖరీదైన ఫిల్టర్‌కూ తీసిపోని పని.

ఫిల్టర్ తీసేసి నడపడం మాత్రం మన నేలమీద ఇంజన్‌కు విషం పెట్టడమే. వేసవి దుక్కుల వేళ, కంకర రోడ్ల మీద లేచే దుమ్ములో ఇసుక రేణువులుంటాయి. ఉక్కు రింగులను కూడా గీకే గట్టిదనం వాటిది. ఫిల్టర్ లేకుండా నడిపిన బండి కొన్నాళ్లు చురుగ్గా అనిపించవచ్చు, ఆ తర్వాత నీలం పొగ కొడుతుంది. ఫిల్టర్ మాటిమాటికీ దులిపి, దెబ్బతిన్నప్పుడు మార్చుకోవడమే దారి.

ఎండకు భయపడి మన వైపు చేసే ఇంకో పొరపాటు థర్మోస్టాట్ పీకేయడం. ఇంజన్ వేడెక్కుతోందంటే రేడియేటర్ మూసుకుపోయిందో, ఫ్యాన్ సరిగా తిరగడం లేదో చూడాలి. థర్మోస్టాట్ లేని ఇంజన్ పొద్దున్నే, హైవే మీద కూడా కావలసినంత వేడి ఎక్కదు. ఆయిల్ చిక్కగా ఉండిపోతుంది, పెట్రోలు సరిగా ఆవిరి కాక గోడల మీద ఆయిల్‌ను కడిగేస్తుంది, రింగులు త్వరగా అరుగుతాయి.

పెట్రోలు కూడా మారింది. 2025 నాటికి దేశంలో అమ్మే పెట్రోలులో ఇథనాల్ వాటా దాదాపు 20 శాతానికి చేరింది. పెట్రోలు ఒక కిలో మండడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. ఆక్సిజన్ కొంత దానిలోనే ఉంది. 20 శాతం కలిసిన పెట్రోలుకు ఈ లెక్క 13.5 దగ్గర నిలుస్తుంది. ఆక్సిజన్ సెన్సర్ ఉన్న ఎంపీఎఫ్ఐ బండి ఈ తేడాను తనే సర్దుకుంటుంది. పాత కార్బొరేటర్ సర్దుకోలేదు, అది పాత కొలతలోనే పోస్తుంది, ఇంజన్ పలచటి మిశ్రమంతో నడుస్తుంది. రేసు ఇవ్వగానే జర్క్ కొట్టడం, ప్లగ్గులు తెల్లబడడం దాని గుర్తులు. మెయిన్ జెట్ ఒక సైజు పెంచితే చాలామటుకు సర్దుకుంటుంది. లీటరుకు శక్తి ఆరేడు శాతం తగ్గుతుంది గనుక మైలేజీ అంతమేర తగ్గడం మాత్రం తప్పదు. పాత రబ్బరు పైపులు, కార్బొరేటర్ డయాఫ్రమ్ ఇథనాల్‌కు ఉబ్బి పగులుతాయి. వాటిని ముందే మార్చుకోవడం బలం కోసమే కాదు, బండికి నిప్పంటకుండా ఉండడం కోసం కూడా. వారాల తరబడి నిలిపి ఉంచే బండి ట్యాంకులో పెట్రోలు తక్కువ ఉంచకూడదు, ఖాళీ జాగాలోని తేమను ఇథనాల్ పీల్చుకుంటుంది.

ఇంజన్ దాటాక పోయే బలం

కొన్ని బండ్లలో ఇంజన్ బాగానే ఉంటుంది, బలం చక్రాల దాకా చేరదు. జెన్ లాంటి బండి చదును రోడ్డు మీద 60 కిలోమీటర్ల వేగంతో నిలకడగా పోవడానికి చక్రాల దగ్గర కావలసింది దాదాపు 5 హార్స్‌పవర్ మాత్రమే. 100 దగ్గర 15 చాలు. ఇంత కొద్ది లెక్కలో ఒక బ్రేకు పట్టేసి ఉన్నా, టైర్లలో గాలి తగ్గినా నష్టం పెద్దది. కాసేపు నడిపి ఆపాక నాలుగు చక్రాల దగ్గర చేయి దగ్గరగా పెట్టి చూడండి. ఒకటి మాత్రమే బాగా వేడిగా ఉంటే ఆ బ్రేకు వదలడం లేదు. నాలుగో గేరులో ఎత్తు ఎక్కుతూ పూర్తి రేసు ఇస్తే ఇంజన్ చప్పుడు పెరిగి బండి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేట్ జారుతోంది. ఇంజన్ మౌంటింగులు చూడాలంటే బానెట్ తెరిచి, ఒకరు గేరు వేసి, బ్రేకు తొక్కి క్లచ్ కొద్దిగా వదిలితే చాలు. ఇంజన్ అదాటున ఎగిరిపడితే రబ్బర్లు పోయినట్టే. వణుకు ఇంజన్‌ది అనుకుని వేలు పోసిన ఎన్నో బండ్లకు చివరికి కావలసింది ఆ రబ్బరు ముక్కే.

కొత్త బలం ఎంత దాకా?

పోయినదంతా రాబట్టాక కూడా ఇంకా కావాలనిపిస్తే, అప్పుడు అసలైన ట్యూనింగ్ మొదలవుతుంది. బలం అంటే టార్క్‌ను తిరిగే వేగంతో గుణించినది. టార్క్ పెరగాలంటే ప్రతి దెబ్బకు ఎక్కువ గాలి కావాలి, లేదంటే ఉన్న గాలితో ఎక్కువ పని రాబట్టాలి.

హెడ్‌ను కొద్దిగా కోయించి కంప్రెషన్ నిష్పత్తి పెంచడం రెండో దారి. 8.8 నుంచి 9.8కి పెంచితే సిద్ధాంతం ప్రకారం వచ్చే లాభం మూడు శాతం. 50 హార్స్‌పవర్ మీద ఒకటిన్నర. దానికి బదులుగా మన ఎండలో నాకింగ్ ముప్పు కొనుక్కుంటాం. క్యామ్ మార్చి పై వేగాల్లో ఎక్కువ గాలి పోయించవచ్చు, కింది వేగాల్లో ఐడ్లింగ్ కొట్టుకుంటుంది. ఫ్లైవీల్ పలచన చేయిస్తే రేసు ఇవ్వగానే ఇంజన్ చటుక్కున అందుకుంటుంది, కానీ ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య వేగాన్ని నిలబెట్టేది ఆ బరువే గనుక ఐడ్లింగ్ మెత్తదనం పోతుంది. మెత్తదనం, బలం దారులు చీలేది ఇక్కడే. రోజూ పొలానికి, బడికి, ఆసుపత్రికి తిరిగే బండికి ఈ చీలిక దాకా పోకపోవడమే మంచిది.

సైలెన్సర్ మారిస్తే బలం పెరుగుతుందన్న నమ్మకానికి మన ఊళ్లలో ఒక మూలం ఉంది. 1985 నుంచి 1996 దాకా తయారైన యమహా ఆర్ఎక్స్ 100 అందరికీ గుర్తే. 98 సీసీ నుంచి 11 హార్స్‌పవర్. లీటరు లెక్కన చూస్తే జెన్‌కు రెట్టింపు పైనే. అది టూ స్ట్రోక్, ప్రతి చుట్టుకూ మండుతుంది. దాని సైలెన్సర్ లోపలి ఆకారం బయటికి పోయే పొగ అలను వెనక్కి తిప్పి, పారిపోబోయిన తాజా పెట్రోలు మిశ్రమాన్ని మళ్లీ సిలిండర్లోకి నెడుతుంది. అక్కడ సైలెన్సర్ నిజంగానే ఇంజన్లో భాగం. వాల్వులున్న ఫోర్ స్ట్రోక్ కారులో సైలెన్సర్ పాత్ర అంత ఉండదు. మూసుకుపోయి ఉంటే తెరిపించాలి, పగిలి ఉంటే మార్చాలి. ఖాళీ గొట్టం పెడితే పెరిగేది చప్పుడు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ కొలతలు మార్చడాన్ని ఒప్పుకోదు కూడా. పదిహేనేళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషన్ పొడిగించుకునేటప్పుడు ఫిట్‌నెస్ పరీక్షలో ఇలాంటి మార్పులు అడ్డం పడతాయి.

ముందు ఏది, తర్వాత ఏది?

పాత తేలిక బండి కొన్నవాళ్లు ఖర్చు పెట్టాల్సిన వరుస ఇది. మొదట బ్రేకులు, టైర్లు. గుంజే బండి ఆగడం కూడా తెలిసి ఉండాలి. తర్వాత కంప్రెషన్ కొలత. అది సమానంగా ఉంటే ట్యాపెట్లు, ప్లగ్గులు, వైర్లు, ఫిల్టర్లు, రబ్బరు పైపులు. ఆ పైన టైమింగ్, కార్బొరేటర్ లేదా ఇంజెక్టర్ల శుభ్రం, చివరగా మౌంటింగులు. కార్బొరేటర్ సర్దుబాటును టైమింగ్, ట్యాపెట్ల తర్వాతే చేయాలి. ముందే చేస్తే వేరొకదాని లోపాన్ని దీనితో కప్పిపుచ్చినట్టవుతుంది, మళ్లీ మొదటికి రావాల్సి వస్తుంది. ఒకసారికి ఒక్కటే మార్చి, నడిపి చూసి, తేడా గమనించి రెండోదానికి పోవాలి. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో ఎవరికీ తెలియదు.

ఇక మన షెడ్ల గురించి ఒక మాట. మన మేస్త్రీల చెవికి, చేతికి ఉన్న అనుభవం గొప్పది. చప్పుడు విని జబ్బు చెప్పగలవాళ్లు పెబ్బేరులో, కొత్తకోటలో, వనపర్తిలో ఉన్నారు. ఆ చెవికి కంప్రెషన్ గేజి, ఫీలర్ గేజి, టైమింగ్ లైటు తోడైతే అంచనా స్థానంలో లెక్క వస్తుంది. ఈ మూడూ కలిపినా ఒక ఇంజన్ బోరు చేయించిన ఖర్చులో కొద్ది భాగమే. పాలిటెక్నిక్, ఐటీఐ చదివి సొంతంగా షెడ్డు పెట్టుకోవాలనుకునే పిల్లలు మొదట కొనాల్సిన సామాను ఇవే.

బండి యజమాని చేయాల్సింది ఇంకోటుంది. నాలుగు సిలిండర్ల కంప్రెషన్, ట్యాపెట్ల సందు, టైమింగ్, ఆయిల్ మార్చిన తేదీ ఒక నోటుపుస్తకంలో రాసి ఆర్సీ కాగితాలతో పాటు ఉంచాలి. ఏడాదికోసారి కొలిచి కింద రాస్తూ పోతే, ఏ సిలిండర్ వెనకబడుతోందో అది చెడిపోకముందే కనిపిస్తుంది. బండి అమ్మేటప్పుడు ఆ పుస్తకాన్ని కూడా ఇచ్చేయాలి. కొనేవాడు కూడా కిలోమీటర్ల మీటరు కంటే ముందు ఆ పుస్తకమే అడగాలి. మీటరును వెనక్కి తిప్పవచ్చు గానీ, గేజి పెట్టి కొలిచిన నాలుగు అంకెలను ఎవరైనా అక్కడికక్కడే మళ్లీ కొలిచి సరిచూసుకోవచ్చు.